వాట్సాప్‌లో తిరుగుతున్న ఫైర్ బిల్లు నిజమేనా? అసలు బిల్లు ఎక్కడుందో ఎట్లా తెలుసుకోవాలి?

ఫైరాయన కొడుకు (మిర్యాలగూడ వైపు), సోమవారం రాత్రి 9:40

మా నాయిన లీడింగ్ ఫైర్‌మన్. ఇంకో మూడేళ్లలో రిటైర్ అవుతాడు. ఆయన గ్రూపులో నిన్నటి నుంచి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "అగ్నిమాపక సిబ్బంది బిల్లు పాసైంది, ఇక ఎనిమిది గంటల షిఫ్టులే, రిస్క్ అలవెన్స్ డబుల్, డ్యూటీలో చనిపోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం, అందరికీ షేర్ చేయండి" అని, కింద ఆరు దండాల బొమ్మలు. ఇది నిజమా అని నాయిన అడుగుతున్నాడు. నేను డిగ్రీ చదివాను కాబట్టి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. గంటన్నర వెతికాను, పేపర్లో లేదు, టీవీలో లేదు. అబద్ధమని తేల్చి చెప్పడానికీ ధైర్యం చాలట్లేదు, ఎందుకంటే మన దగ్గర ఏ బిల్లు ఎప్పుడు పెడతారో, ఎప్పుడు పాస్ చేస్తారో ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. ఒక బిల్లు ఏ దశలో ఉందో మామూలు మనిషి చూసుకోవాలంటే ఎక్కడ చూడాలి?

కోదాడ కాకా, సోమవారం రాత్రి 9:58

తమ్మీ, ఈ మెసేజ్ నాకు పాత చుట్టమే. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి కదా, అప్పుడొకసారి వస్తుంది, మళ్లీ అసెంబ్లీ సమావేశాలప్పుడు ఒకసారి వస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు ఆరు దండాల బదులు మూడు గులాబీలు ఉండె. మీ నాయినకు చెప్పు, స్వీట్లు కొనొద్దని.

లా చదివినోడు (నల్గొండ), సోమవారం రాత్రి 10:21

కాకా జోకు పక్కన పెడితే, చూసే పద్ధతి ఒకటుంది. అసెంబ్లీలో ప్రవేశపెట్టిన ప్రతి బిల్లుకూ ఒక నంబరు ఇస్తారు. ఎల్.ఏ. బిల్ నంబర్ ఇంత, ఆఫ్ ఇన్ని, అని ఉంటుంది. నంబరు లేనిది బిల్లు కాదు, అది ఎవరో ఇచ్చిన హామీ కావచ్చు, డ్రాఫ్టు కావచ్చు, కేబినెట్‌లో మాట్లాడుకున్న ముచ్చట కావచ్చు. ఆ ఫార్వర్డులో నంబరు ఉందా? లేదు కదా. సగం అనుమానం అక్కడే తీరిపోవాలి.

ఇక చూసే చోట్లు. శాసనసభ వెబ్‌సైట్లో ప్రవేశపెట్టిన బిల్లులు ఉంటాయి. పాసై, గవర్నర్ ఆమోదం కూడా అయ్యాక చట్టంగా తెలంగాణ గెజిట్‌లో వస్తుంది, పార్ట్ నాలుగు-బీ అని పైన రాసి ఉంటుంది. జీవోలకు వేరే పోర్టల్ ఉంది. పీఆర్ఎస్ అని ఢిల్లీ సంస్థ ఒకటి రాష్ట్రాల బిల్లులు కూడా ఒక చోట పెడుతుంది, ఇంగ్లీషులోనే అనుకో, కానీ మన సైట్ల కంటే త్వరగా దొరుకుతుంది.

ఫైరాయన కొడుకు, సోమవారం రాత్రి 11:05

అన్నా, ఇప్పుడే చూశాను. ఒక్క పీడీఎఫ్ తెరిచేసరికి ఫోన్ వేడెక్కింది. అన్నీ స్కాన్ చేసిన బొమ్మలు, లోపల పదం కొట్టి వెతుకుదామంటే కుదరదు. ఒక్కొక్కటి తెరిచి శీర్షిక చదవాల్సిందే. ఇరవై దాకా చూశాను. మున్సిపాలిటీలు, యూనివర్సిటీలు, జీఎస్టీ, అప్రోప్రియేషన్ బిల్లులు ఉన్నాయి. ఫైర్ అన్న మాటే కనపడలేదు. అగ్నిమాపక అని కూడా చూశాను. మిగతావి రేపు చూస్తా, కళ్లు మూతపడుతున్నాయి.

రిటైర్డ్ సూపరింటెండెంట్ (మహబూబ్‌నగర్), మంగళవారం ఉదయం 6:15

బాబూ, నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు మోసినవాణ్ణి. మీరంతా వెతికే చోటే తప్పు. ఆ మెసేజ్‌లో ఉన్న మూడు విషయాలు చూడు. షిఫ్టు ఎన్ని గంటలు, అలవెన్స్ ఎంత, కారుణ్య నియామకం. ఇందులో ఏ ఒక్కదానికైనా అసెంబ్లీలో బిల్లు అవసరమా? అవసరం లేదు. సర్వీసు నిబంధనలు రాజ్యాంగం 309వ అధికరణం కింద ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది. అలవెన్సులు పీఆర్సీ, అంటే వేతన సవరణ సంఘం, సిఫార్సు చేస్తుంది, ఆర్థిక శాఖ జీవో ఇస్తుంది. షిఫ్టులైతే జీవో కూడా అక్కర్లేదు, డిపార్ట్‌మెంట్ సర్క్యులర్ ఒక్కటి చాలు, మనుషులుంటే. ఆ మనుషులు లేకనే కదా అసలు గొడవ.

ఒక ఉదాహరణ చెప్తా. హోంగార్డుల రోజు భత్యం 921 రూపాయల నుంచి వెయ్యికి పెంచుతామని 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రకటించారు, వారానికోసారి పరేడ్‌కు ఇచ్చే వంద రెండొందలు చేశారు. దానికి ఏ బిల్లూ లేదు. అదే 2021లో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచినప్పుడు చూడండి, అది చట్టంలో ఉన్న అంకె కాబట్టి చట్ట సవరణ చేయాల్సి వచ్చింది, సభలో బిల్లు పెట్టారు. తేడా ఇదే. చట్టంలో రాసి ఉన్నది మార్చాలంటే సభకు పోవాలి, మిగతాది సెక్రటేరియట్‌లో ఒక సంతకం. మీ నాయినగారు ఎదురుచూసేది ఆ సంతకం కోసం, బిల్లు కోసం కాదు.

పాలమూరు వదిన, మంగళవారం ఉదయం 7:30

సార్ చెప్పింది నిజం. మా ఆయన హోంగార్డు. ఆ వెయ్యి రూపాయలకు జీతం అని కాదు, డ్యూటీ అలవెన్స్ అని పేరు. పేరులో ఏముంది అనుకుంటారేమో, బ్యాంకులో లోన్ అడిగితే తెలుస్తుంది ఏముందో. శాలరీ స్లిప్పు ఉందా అన్నారు మొన్న. ట్రాఫిక్‌లో నిలబడేదీ ఆయనే, జాతరలో తోపులాట ఆపేదీ ఆయనే, వరదొస్తే తాడు పట్టుకుని నిలబడేదీ ఆయనే, కాగితం మీద మాత్రం స్వచ్ఛంద సేవకుడు. మరి ఈ మాట మార్చాలంటే చట్టమా, జీవోనా? ఎవరైనా చెప్పండి, నేను నిజంగానే అడుగుతున్నా.

రిటైర్డ్ సూపరింటెండెంట్, మంగళవారం ఉదయం 8:02

అమ్మా, భత్యం పెంచడం జీవోతో అవుతుంది. స్వచ్ఛంద దళం అన్న హోదాను రెగ్యులర్ ఉద్యోగంగా మార్చడం అంత సులువు కాదు, చట్టాన్నే ముట్టుకోవాలి, తర్వాత ఖజానా లెక్క వస్తుంది. అందుకే ఎవరొచ్చినా భత్యం పెంచి ఊరుకుంటారు.

ఫంక్షన్ హాల్ ఓనర్, మంగళవారం మధ్యాహ్నం 1:10

అందరూ సిబ్బంది గురించే మాట్లాడుతున్నారు, మా బాధ కూడా వినండి. ఫైర్ చట్టం కొత్తది వస్తే మొదట నలిగేది మేమే. ఇప్పటికే ఎన్‌ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) కావాలంటే ఫీజు కట్టాలి, పంపు పెట్టాలి, ట్యాంకు కట్టాలి. నాది చిన్న ఊళ్లో హాలు, ఏడాదికి నలభై పెళ్లిళ్లు కూడా జరగవు. హైదరాబాద్‌లో పదహారంతస్తుల వాడికీ నాకూ ఒకే చట్టమా?

సైరన్ 101, మంగళవారం మధ్యాహ్నం 2:45

ఓనర్ గారూ, నేను ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, ఇద్దరికీ ఒకే కొలత కాదు. ఇప్పుడున్న 1999 చట్టం ప్రకారం ఇళ్ల అపార్టుమెంట్లయితే 18 మీటర్లు, కమర్షియల్ అయితే 15 మీటర్ల ఎత్తు నుంచి మా ఎన్‌ఓసీ కావాలి. మీలాంటి జనం గుమిగూడే చోట్లకు, అంటే స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, గుళ్లు వగైరాలకు, ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా కావాలి. అంటే దాదాపు 600 గజాలు. ఎందుకంటే మీ హాల్లో ఒకేసారి వెయ్యి మంది ఉంటారు, పైన గుడ్డ షామియానా, పక్కన వంటశాలలో పది సిలిండర్లు, బయటికి పోయే ద్వారం ఒక్కటి, దానికి కూడా పెళ్లికొడుకు స్వాగత తోరణం అడ్డం. ఇవన్నీ నేను కళ్లారా చూసినవే, మీ హాలు అనడం లేదు.

ఫంక్షన్ హాల్ ఓనర్, మంగళవారం మధ్యాహ్నం 3:20

తోరణం డెకరేషన్ వాళ్లు పెడతారు, నేను కాదు. సరే ఒప్పుకుంటా. కానీ ఎన్‌ఓసీ తీసుకున్న నాటి నుంచి మా హాలుకు తనిఖీకి ఒక్కరైనా వచ్చారా? రాలేదు. ఫీజు తీసుకున్నాక రావాలి కదా. నా పంపు పనిచేస్తుందో లేదో నాకే తెలియదు, నిజం చెప్తున్నా.

సైరన్ 101, మంగళవారం సాయంత్రం 4:05

రావాలి, కాదనను. ఒక స్టేషన్‌కు ఎన్ని మండలాలు, ఎందరు మనుషులు అన్న లెక్క అడిగితే మీరే పాపం అంటారు. పంపు మాత్రం ఇవాళే ఆన్ చేసి చూడండి.

లా చదివినోడు, మంగళవారం సాయంత్రం 6:30

సైరన్ అన్న 1999 చట్టం పేరెత్తాడు కాబట్టి అసలు విషయానికి వద్దాం. అది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన అగ్నిమాపక చట్టం, 1999లో 15వ నంబరు చట్టం. తెలంగాణ వచ్చాక పేరు మార్చి దాన్నే వాడుతున్నాం. గమ్మత్తు ఏంటంటే చట్టం వచ్చింది 1999లో, ఫీజుల నియమాలు వచ్చింది 2006లో. ఏడేళ్లు! అందుకే అంటున్నా, బిల్లు పాసవడం చూసి ఆగిపోతే సగం కథే చూసినట్టు.

ఇప్పుడు కొత్త చట్టం అనే మాట ఊరికే పుట్టలేదు. 2019లో కేంద్ర హోం శాఖ ఒక నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలన్నిటికీ పంపింది, మీ అగ్నిమాపక చట్టాలు ఈ పద్ధతిలో మార్చుకోండి అని. ఫైర్ సర్వీసు రాష్ట్రం చేతిలోని పని, రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీల పనుల్లో కూడా ఉంది, అందుకే కేంద్రం ఆర్డర్ వేయడానికి వీల్లేదు, నమూనా ఇస్తుంది అంతే. ఆ తర్వాత 2023 జులైలో రాష్ట్రాల ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకు 5,000 కోట్ల పథకం పెట్టింది. మనలాంటి రాష్ట్రాలు తమ వంతు 25 శాతం వేసుకోవాలి. అందులో 500 కోట్లు ప్రత్యేకంగా, చట్టాలు, వసతులు సంస్కరించుకున్న రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా. అంటే చట్టం మార్చుకుంటే డబ్బుంది. ఉత్తరప్రదేశ్, హర్యానా 2022లో కొత్త చట్టాలు చేసుకున్నాయి. పంజాబ్ అసెంబ్లీ 2024 సెప్టెంబరులో బిల్లు పాస్ చేసింది.

దేవరకొండ అక్క, మంగళవారం రాత్రి 8:12

పంజాబ్ సంగతి నేను చదివాను! ఆడపిల్లలకు ఫిజికల్ టెస్టులో మోయాల్సిన బరువు 60 కిలోల నుంచి 40 కిలోలకు తగ్గించారు. మా చెల్లెలు 2022 నోటిఫికేషన్ టైమ్‌లో ఫైర్‌మన్ పోస్టులు 610 అని చూసి పేజీ తిప్పేసింది, పేరులోనే మన్ ఉంది నాకెందుకు అని. కొత్త చట్టం ఏదైనా వస్తే ముందు ఆ పేరు మార్చమనండి.

కొత్తకోట రోడ్డు, మంగళవారం రాత్రి 9:25

మీ అందరికీ గుర్తుందో లేదో, 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయింది. కల్వర్టుకు తగిలి డీజిల్ ట్యాంకు పగిలింది, 45 మంది పోయారు. మా ఇల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. పొద్దున నేను పోయేసరికి బస్సు ఇనుప చట్రం మాత్రమే మిగిలింది, సీట్ల స్ప్రింగులు పొగలు కక్కుతూ వరసగా, ఎవరో లెక్కపెడుతున్నట్టుగా ఉన్నాయి. ఫైరింజన్ వాళ్లు చేతులు ఖాళీగా పక్కన నిలబడ్డారు. అంత డీజిల్, అన్ని సీట్లు అంటుకున్నాక వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ బస్సుకు ఎన్ని తలుపులుండాలి, కిటికీలు పగలగొట్టే సుత్తి ఉందా లేదా అన్నది ఏ ఫైర్ చట్టంలోనూ ఉండదు, అది మోటారు వాహనాల చట్టం, కేంద్రానిది. 2025 అక్టోబర్‌లో ఇదే హైవే మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ బస్సు కాలింది. మీరు అసెంబ్లీ బిల్లు ఒక్కటే కాపలా కాస్తే ఇది మీ చూపుకే రాదు.

అచ్చంపేట అడవి, బుధవారం ఉదయం 5:50

కొత్తకోట అన్న మాట మీద నాదొకటి. నేను అమ్రాబాద్ వైపు ఫైర్ వాచర్‌గా రెండు సీజన్లు పనిచేశా. ఫైర్ అనేది పేరులో ఉంది కానీ మేం ఫైర్ శాఖ కాదు, అటవీ శాఖ, ఎండాకాలం మూడు నాలుగు నెలలు రోజు కూలీ. ఇప్పపూల కోసం చెట్టు కింద ఆకులు కాల్చినా, బీడీ పడేసినా, గాలి తిరిగితే కొండ ఎక్కేస్తుంది మంట. అక్కడికి ఫైరింజన్ రాదు, రోడ్డే లేదు. పచ్చి కొమ్మ విరిచి కొట్టడమే, రాత్రంతా. కనుబొమ్మలు కాలిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

మా దోమలపెంటలో 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మంటలొచ్చి తొమ్మిది మంది పోయారు, వాళ్లు కరెంటోళ్లు. 2025 ఫిబ్రవరి 22న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది ఇరుక్కుపోతే సింగరేణి రెస్క్యూ వాళ్లు వచ్చారు, వాళ్లు గనులోళ్లు. ప్రమాదంలోకి పోయేవాళ్లు ఇందరు, ఒక్కొక్కరికి ఒక్కో చట్టం, నాలాంటోడికి ఏదీ లేదు. కొత్త బిల్లులో మా పేరు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి.

కోదాడ కాకా, బుధవారం ఉదయం 7:15

తమ్మీ అచ్చంపేట, నీ పోస్టు చదివాక జోకు వేయబుద్ధి కాలేదు.

బావ బస్సు డిపో (జడ్చర్ల), బుధవారం ఉదయం 10:40

పాసైంది అంటే పనైంది అనుకునేవాళ్లు మా ఇంటికి రండి. మా బావ ఆర్టీసీ కండక్టర్. 2023 ఆగస్టు 6న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు అసెంబ్లీలో పాసైంది, డిపో ముందు పటాకులు కాల్చాం. సెప్టెంబరు 14న గవర్నర్ ఆమోదం వచ్చింది, మళ్లీ పటాకులు. చట్టంలో ఒక వాక్యం ఉంది, ప్రభుత్వం నిర్ణయించే తేదీ నుంచి అమలు అని. ఆ తేదీ రాకుండానే ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. మూడోసారికని కొన్న పటాకులు అటక మీదే తేమ పట్టిపోయాయి.

లా చదివినోడు, బుధవారం మధ్యాహ్నం 12:30

బావ చెప్పిన వాక్యం ప్రతి చట్టంలోనూ మొదటి సెక్షన్‌లో వెతకండి. "వెంటనే అమల్లోకి వస్తుంది" అనా, "నోటిఫై చేసిన తేదీ నుంచి" అనా. రెండోది అయితే గెజిట్ కోసం మళ్లీ కాపలా కాయాలి.

మధ్యలో ఆగే చోట్లు ఇంకా ఉన్నాయి. సభ సమావేశాలు ముగిసినంత మాత్రాన బిల్లు చావదు, కానీ అసెంబ్లీ రద్దయితే అక్కడ పెండింగ్‌లో ఉన్న బిల్లు మురిగిపోతుంది. గవర్నర్ దగ్గర ఆగొచ్చు, 2023లో మన రాష్ట్రమే దీని మీద సుప్రీంకోర్టుకు పోయింది. గవర్నర్‌కు ఇన్ని రోజులు అని కోర్టు గడువు పెట్టడానికి వీల్లేదని 2025 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. రాష్ట్రపతికి పంపితే ఇంకా దూరం, 2025 మార్చిలో పాసైన బీసీ రిజర్వేషన్ల బిల్లుల ముచ్చట అందరికీ తెలిసిందే కదా.

ఫైరాయన కొడుకు, బుధవారం రాత్రి 9:15

మిగిలిన పీడీఎఫ్‌లు కూడా చూశాను. ఆ మెసేజ్‌లో చెప్పినట్టు పాసైన బిల్లు ఏదీ కనపడలేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదామని ఉంది, ఫైర్ చట్టం మార్చే డ్రాఫ్టు ఏదైనా ఉందా అని. ఇస్తారా?

రిటైర్డ్ సూపరింటెండెంట్, గురువారం ఉదయం 6:20

పది రూపాయలు కట్టి పెట్టు, 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ ప్రశ్న జాగ్రత్తగా రాయాలి. డ్రాఫ్టు కాపీ ఇవ్వండి అంటే కేబినెట్ కాగితాలు, సెక్షన్ 8(1)(ఐ) కింద ఇవ్వలేం అని ఒక్క లైను రాసి పంపేస్తారు, నేనే అట్లాంటి జవాబులు ఎన్నో టైపు చేయించాను. అది కాకుండా మీ స్టేషన్‌లో మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, కేంద్ర పథకం కింద మీ జిల్లాకు వచ్చిన వాహనాలు ఎన్ని, ఖర్చు ఎంత, అని అడుగు. ఇవి దాచే వీలు లేదు. ఆ కాగితం తీసుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి పో, సభలో ప్రశ్నగా వేయించు. సభలో ఇచ్చిన జవాబు రికార్డుల్లో ఉండిపోతుంది, తర్వాత ఎవరూ మాట మార్చలేరు.

సైరన్ 101, గురువారం ఉదయం 9:00

పోస్టుల ప్రశ్న తప్పకుండా వెయ్యి తమ్మీ. షిఫ్టులు ఎనిమిది గంటలు చేయాలంటే మనుషులు ఇప్పుడున్నదానికి ఎంత ఎక్కువ కావాలో ఆ జవాబులోనే తేలుతుంది.

ఫైరాయన కొడుకు, శుక్రవారం రాత్రి 10:30

నాయిన నిన్న డ్యూటీ నుంచి వచ్చాడు. ఒక జిన్నింగ్ మిల్లులో పత్తికి నిప్పంటుకుంది, రెండు రోజులు అక్కడే. పత్తి కుప్ప మీద నీళ్లు కొడితే పైనుంచి జారిపోతాయి, లోపలికి ఇంకవు, నిప్పు కడుపులో దాచుకుని కూర్చుంటుంది. జేసీబీతో ఒక్కో పొర తీసి పరిచి తడపాలి. ఆరిపోయిందనుకుని పైపు చుట్టేసరికి ఇంకో మూల నుంచి సన్నగా పొగ. ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా దగ్గితే నల్లగా పడింది. అమ్మ పాలల్లో పసుపు వేసి ఇచ్చింది.

పడుకునే ముందు అడిగాడు, బిల్లు సంగతి ఏమైందిరా అని. మీరు చెప్పినవన్నీ చెప్పాను, నంబరు, గెజిట్, అమలు తేదీ, జీవో. అంతా విని, ఫోన్ తీసి కళ్లద్దాలు పెట్టుకుని, గ్రూపులో ఆయనే టైపు చేశాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. "ఎల్.ఏ. బిల్ నంబర్ ఎంత?"

ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన శుభరాత్రి బొమ్మ పెట్టాడు. దరఖాస్తు సోమవారం పెడుతున్నా, జవాబు రాగానే ఇక్కడ పెడతా.

కోదాడ కాకా, శుక్రవారం రాత్రి 10:41

దండాలు ఎన్ని ఉన్నాయి తమ్మీ, ఆ బొమ్మలో?